కొత్తవాళ్లను ముందు సింగిల్‌లో కూర్చోబెట్టాలా, ఫోర్‌లోనా? ఈ సీజన్ లెక్క

స్ట్రోక్ సీటు

ఫిబ్రవరి చివరి ఆదివారంతో మన కళాశాల రోయింగ్ క్లబ్ సీజన్ ముగిసింది. బోట్లను కడిగి షెడ్డులో పెట్టేశాము. తాళంచెవులు వచ్చే ఏటి కెప్టెన్‌కు అప్పగించే లోపు ఒక విషయం ఇక్కడ తేల్చుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇన్నాళ్లూ మనం కొత్తగా చేరినవాళ్లను నేరుగా ఫోర్‌లో, అంటే నలుగురు తెడ్డు వేస్తుంటే చుక్కాని పట్టే కాక్స్ దారి చూపే బోటులో, ఎక్కించేవాళ్లము. ఈసారి నేను ఆ పద్ధతి మార్చి, ఆగస్టులో చేరిన 14 మందికీ మొదటి ఆరు వారాలు ఒక్కరే నడిపే మన మూడు సింగిల్ స్కల్ బోట్లలోనే వంతులవారీగా నేర్పించి, ఆ తరువాత ఇద్దరు నడిపే డబుల్‌లోకి మార్చాను. ఫోర్‌ను డిసెంబరు దాకా షెడ్డులోంచి బయటికి తీయలేదు. ఫలితం అందరూ చూసినదే. జనవరిలో జరిగిన కొత్తవాళ్ల 500 మీటర్ల పందేల్లో మన డబుల్ రెండో స్థానంలో వచ్చింది. ఫోర్ మాత్రం అయిదు బోట్లలో అయిదోదిగా వచ్చింది. అది కూడా నాలుగో బోటు వాళ్లు దిగి తెడ్లు తుడుచుకుంటున్న సమయానికి వచ్చింది.

అయినా నేను చేసింది తప్పని అనుకోవడం లేదు. సింగిల్ బోటు పొడవు సుమారు 8 మీటర్లు, నిబంధనల ప్రకారం ఉండవలసిన కనీస బరువు 14 కిలోలు, నీటిమట్టం దగ్గర వెడల్పు మనిషి కూర్చున్నంత. అందులో రెండు చేతుల ఎత్తులో వేలెడు తేడా వచ్చినా బోటు ఒక పక్కకు ఒరిగిపోతుంది, ఆ తప్పు ఎవరిదని వెతకవలసిన పని ఉండదు. ఫోర్ కనీస బరువు 51 కిలోలు. అందులో నలుగురూ కాక్సూ కూర్చున్నప్పుడు ఒకరి పొరపాటును మిగిలిన ముగ్గురూ తెలియకుండానే మోసేస్తారు కాబట్టి, తెడ్డు నీటిలో ఎప్పుడు దిగుతోందో తెలియకుండానే సీజన్ మొత్తం గడిపేసినవాళ్లను నేను చూశాను. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఫోర్ ఎందుకు ఓడిందో కూడా నాకు తెలుసు. సింగిల్‌లో, డబుల్‌లో ఒక్కొక్కరికీ రెండు తెడ్లు ఉంటాయి, శరీరం నడిమి గీత మీదే ముందుకూ వెనక్కూ కదులుతుంది. మన ఫోర్‌లో ఒక్కొక్కరికీ ఒకటే పెద్ద తెడ్డు, నడుము ఒక పక్కకు తిప్పి దానివెంట వెళ్లాలి. నాలుగు నెలలు రెండు తెడ్లకు అలవాటుపడినవాళ్లకు ఆ తిప్పు నేర్పడానికి నేను మూడు వారాలే ఇచ్చాను. కాబట్టి తప్పు సింగిల్‌ది కాదు, నా క్యాలెండరుది. మహారాష్ట్రకు చెందిన దత్తు భోకనల్ 2012లో సైన్యంలో చేరాకే తెడ్డు పట్టి, 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచిన సంగతి మనందరికీ తెలిసినదే. ఒంటరి బోటు కొత్తవాళ్లకు పనికిరాదనే వాదనను నేను అందుకే ఒప్పుకోను. మీ అభిప్రాయాలు చెప్పండి.

కాక్స్ అక్క

తమ్ముడూ, నువ్వు స్థానాల లెక్క చెప్పావు కానీ తలల లెక్క చెప్పలేదు. ఆగస్టులో 14 మంది చేరారు. దీపావళి నాటికి ఎంతమంది మిగిలారో హాజరు పుస్తకం నా దగ్గరే ఉంది: ఆరుగురు. ఫోర్‌తో మొదలుపెట్టిన అంతకుముందు ఏడాది 12 మంది చేరితే తొమ్మిది మంది చివరిదాకా నిలిచారు.

దీనికి కారణం నీటిలో లేదు, ఒడ్డున ఉంది. తెల్లవారి అయిదుంబావుకు ఒకడు రాకపోతే ఫోర్ కదలదు. మిగిలిన ముగ్గురూ, కాక్స్‌గా నేనూ, చలిలో బోటు భుజాన వేసుకోవడానికి వీల్లేక నిలబడిపోతాము. మరునాడు వాణ్ణి నిద్ర లేపేది అలారం కాదు, ఆ సిగ్గు. సింగిల్‌కు రాకపోతే ఎవరికీ నష్టం లేదు. పైగా వంతు కోసం చూస్తున్న ఇంకొకడికి సంతోషం కూడా. అలా రెండు రోజులు మానినవాడు మూడో రోజు ముఖం చాటేస్తాడు, నాలుగో వారానికి క్రికెట్‌లో తేలతాడు. భోకనల్ గారి ఉదాహరణ బాగుంది కానీ, సైన్యంలో తెల్లవారుజామున లేవడం ఆజ్ఞ. మన హాస్టల్లో అది ఒట్టి అభ్యర్థన.

ఇంకొక మాట కూడా చెప్పాలి. సింగిల్‌తోనూ డబుల్‌తోనూ నాలుగు నెలలు గడిపితే కొత్త కాక్స్ ఎక్కడ తయారవుతుంది? రోయర్లు నలుగురూ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు, ముందుకు చూసే కళ్లు కాక్స్‌వి మాత్రమే. చుక్కాని తాడు ఎంత లాగాలో, ఎప్పుడు లాగకూడదో, అలసిపోయిన నలుగురికి చివరి 100 మీటర్లలో ఏ మాట వినబడుతుందో ఫోర్‌లో కూర్చుంటేనే వస్తుంది. ఈ ఏడాది కాక్సింగ్‌కు వచ్చిన అమ్మాయిని నువ్వు డిసెంబరు దాకా కోచింగ్ బోటులో స్టాప్‌వాచ్ ఇచ్చి కూర్చోబెట్టావు. పందెంలో మన ఫోర్ పక్క లేన్ వైపు పాములా వెళ్లిందంటే ఆ నింద ఆమె మీద వేయకండి.

సాగర్ పాతకాపు

మీ ఇద్దరి వాదనా చదివాను. నేను ఈ చెరువు మీద తెడ్డు వేయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. 2002లో జాతీయ క్రీడలు మన నగరంలో జరిగినప్పుడు ఒడ్డున నిలబడి చూసినవాణ్ణి. కాబట్టి ఒక పెద్దవాడి మాటగా వినండి. ఇద్దరూ బోటు గురించి మాట్లాడుతున్నారు, గాలి గురించి ఎవరూ మాట్లాడలేదు.

హుస్సేన్‌సాగర్ మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి బలంగా వీస్తుంది. తెరచాప పడవల వాళ్లకు అది పండుగ కాలం. వాళ్ల పెద్ద పోటీలు వానాకాలంలో ఇక్కడ పెట్టుకునేది ఆ గాలి కోసమే. వాళ్లకు వరమైన గాలి మనకు శాపం. ఎనిమిది మంది లాగే బోటు ఎదురుగాలిని కొంతవరకు చీల్చుకుని పోతుంది కానీ, ఒక్క మనిషి నడిపే 14 కిలోల బోటుకు ఆ శక్తి ఎక్కడిది? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, సూర్యుడు నేలను వేడిచేయక ముందు, ఇదే చెరువు అద్దంలా ఉంటుంది. అంటే కెప్టెన్ గారు ఏం చేశారు? అన్నిటికన్నా సున్నితమైన బోటును, అన్నిటికన్నా అనుభవం లేని మనుషులకు, అన్నిటికన్నా గాలి ఎక్కువున్న నెలల్లో ఇచ్చారు. మాట వరసకు కాదు, అక్షరాలా పిల్లలను గాలికి వదిలేశారు.

దానికి తోడు వినాయక నిమజ్జనం. ఆ తరువాత కొన్ని రోజుల పాటు నీటి మీద పత్రి, పూలు, విగ్రహాల లోపలి వెదురు బద్దలు, తాళ్లు తేలుతూనే ఉంటాయి. వెనక్కి తిరిగి కూర్చున్న కొత్తవాడికి అవి కనబడవు. బోటు అడుగున ఉండే ఫిన్ అరచేతిలో సగం కూడా ఉండదు, దానికి ఒక వెదురు ముక్క తగిలితే ఊడి వస్తుంది, ఇక ఆ బోటు తిన్నగా పోదు. మన రెండో డబుల్‌కు జరిగింది ఇదే కదా?

మా రోజుల్లో గాలిని ఒడ్డున ఉన్న చెట్ల కొమ్మలను చూసి అంచనా వేసేవాళ్లము. మీకు ఆ కష్టం కూడా లేదు. సంజీవయ్య పార్కులో 2016లో నిలబెట్టిన 291 అడుగుల స్తంభం మీద జెండా ఉంది. అది స్తంభానికి అంటుకుని వేలాడుతుంటే సింగిల్ తీయండి, సగం విప్పుకుని ఊగుతుంటే డబుల్ తీయండి, పూర్తిగా పరుచుకుని ఎగురుతుంటే దానికి నమస్కరించి ఒడ్డునే ఎర్గ్ మీద, అంటే తెడ్డు వేయడం సాధన చేసే యంత్రం మీద, కూర్చోండి.

ఈ ఏటి కొత్తమ్మాయి

ఇక్కడ అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి, ఆ మిగిలిన ఆరుగురిలో ఒకదాన్ని నేను కూడా రాస్తున్నాను.

సింగిల్‌లో నా మొదటి మూడు వారాలు ఎలా గడిచాయో నా కుడిచేతి వేళ్ల కణుపులను చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. రెండు తెడ్ల పిడులు మధ్యలో ఒకదాని మీదుగా ఒకటి దాటాలి కాబట్టి ఎడమచేయి పైన, కుడిచేయి కింద ఉండాలని మొదటి రోజే చెప్పారు. చెప్పినంత తేలిక కాదు. ఎడమచేతి గోళ్లు కుడిచేతి చర్మాన్ని గీరేశాయి, రెండో వారంలో ఇంట్లో అమ్మ పిల్లిని పెంచుతున్నావా అని అడిగింది. రెండుసార్లు బోల్తా పడ్డాను. రెండోసారి లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లే పర్యాటకుల బోటు లేపిన అల వచ్చింది. అల వచ్చేటప్పుడు ఆగిపోయి, తెడ్ల రెక్కలను నీటి మీద పరిచి, బోటును అలకు సమాంతరంగా ఉంచాలని నాకు చెప్పింది నేను మునిగి తేలిన తరువాతే.

అయినా కెప్టెన్ అన్న చెప్పినదాంట్లో నిజం ఉంది. ఒక శనివారం, నేను ఏమీ ప్రయత్నించకుండా ఊరికే లాగుతున్నప్పుడు, తెడ్లు గాలిలో ఉండగా బోటు కింద నుంచి నీరు పారుతున్న చప్పుడు వినబడింది. బోటు ఒరగకుండా నిలబడితేనే ఆ చప్పుడు వస్తుంది. ఫోర్‌లో ఎక్కాక ఎన్నిసార్లు చెవి పెట్టినా అది నాకు వినబడలేదు.

అక్క చెప్పినదాంట్లోనూ నిజం ఉంది, కానీ మానేసిన ఎనిమిది మందీ బద్ధకస్థులు కారు. ఇద్దరు నగరం అవతలి నుంచి వచ్చేవాళ్లు, ఆ వేళకు వాళ్లకు బస్సు లేదు. ఒకరికి ఇంట్లో ఒప్పుకోలేదు. మరి నేను ఎందుకు మానలేదని నన్ను నేనే అడిగితే వచ్చిన జవాబు ఒకటే. అక్టోబరులో నాకు డబుల్‌లో జోడీ దొరికింది. నేను వెళ్లకపోతే ఆమె ఒడ్డున కూర్చుంటుంది, ఆమె రాకపోతే నేను కూర్చుంటాను. మమ్మల్ని నిద్ర లేపడానికి ముగ్గురు అక్కర్లేదు, ఒక్కరు చాలు. పైగా డబుల్‌లోనూ బోటు ఒరిగితే తప్పు ఎవరిదో తేలిపోతుంది, ఉన్నది ఇద్దరమే కాబట్టి. ఎవరిదో తేలాక ఎలా మాట్లాడుకోవాలో కూడా అక్కడే నేర్చుకున్నాము.

ఇది చర్చాంశం కాకపోయినా ఒక మాట. మేము దిగిన రెండో పోటీలో అబ్బాయిల కొత్తవాళ్లకు 1000 మీటర్లు, మాకు 500 మీటర్లు పెట్టారు. ఒలింపిక్స్‌లో మహిళల రోయింగ్ 1976లో మొదలైనప్పుడు దూరం 1000 మీటర్లే, 1988 నుంచి పురుషులతో సమానంగా 2000 మీటర్లు అయింది. మన పోటీ నిర్వాహకులకు ఆ వార్త ఇంకా అందినట్లు లేదు.

ఒక విద్యార్థి తండ్రి

నమస్కారం. మా అబ్బాయి వచ్చే ఏడాది చేరతానంటున్నాడు. పై సందేశంలో రెండుసార్లు బోల్తా పడ్డానని చదివి నాకు నిద్ర పట్టలేదు. లైఫ్ జాకెట్లు ఉండవా? ఆ నీళ్ల సంగతి ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. దయచేసి ఎవరైనా వివరంగా చెప్పగలరు.

కోచింగ్ బోటు

నమస్కారం సార్. మోటారు బోటులో వాళ్ల వెనక వెళ్లేది నేనే కాబట్టి నేను చెబుతాను.

ఈత రాని విద్యార్థిని మేము బోటు ఎక్కించము. వేసుకున్న బట్టలతో ఈది, నీటిలో నిలదొక్కుకుని చూపించాలి. రోయింగ్‌లో చేతులు పొట్ట దాకా రావాలి కాబట్టి మందపాటి జాకెట్ తొడుక్కుని తెడ్డు వేయడం కుదరదు. అందుకని జాకెట్లు నా బోటులో ఉంటాయి, కొత్తవాళ్లు నీటిలో ఉన్నంతసేపూ నేను వాళ్లకు దగ్గరగా ఉంటాను. బోటుకు బిగించిన బూట్ల మడమలకు చిన్న తాడు కట్టి ఉంటుంది. బోల్తా పడినప్పుడు మడమ కొంచెం లేచి తాడు బిగుసుకుని, పాదం దానంతటదే బయటికి వస్తుంది. ప్రతి ఉదయం ఆ తాళ్లను చేత్తో లాగి చూడకుండా బోటును నీటిలో దించము. అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఒకటి ఉంది. బోల్తా పడినవాడు ఒడ్డు ఎంత దగ్గరగా కనబడినా ఈదుకుంటూ బయలుదేరకూడదు. బోటు మునగదు, దాన్ని పట్టుకుని నా కోసం ఆగాలి.

నీళ్ల గురించి మీరు అన్నది నిజమే, దాచేదేమీ లేదు. పెద్ద వాన కురిసిన మరునాడు కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చేదంతా చెరువులోకి వస్తుంది కాబట్టి ఆ రోజు బోట్లు తీయము. చేతి బొబ్బలు పగిలినవాళ్లు పట్టీ వేసుకోకుండా నీటిలోకి దిగకూడదు, ఒడ్డుకు రాగానే సబ్బుతో కడుక్కోవాలి. నీరు ఆకుపచ్చ రంగులా చిక్కగా తేలిన రోజుల్లోనూ విరామమే.

కామ్ నది గట్టు

కొన్నేళ్ల క్రితం ఈ క్లబ్‌లోనే తెడ్డు వేసి, తరువాత చదువు కోసం కేంబ్రిడ్జ్ వెళ్లినవాణ్ణి. అక్కడి పద్ధతి మీరు చేసినదానికి పూర్తిగా తలకిందులు. అక్టోబరులో చేరిన కొత్తవాళ్లను మొదటి వారంలోనే ఎనిమిది మంది బోటులో ఎక్కిస్తారు, చిన్న బోట్లు ఆ కాలంలో పాతవాళ్లవి. కొత్తవాళ్ల సీజన్ జీసస్ కళాశాల వాళ్లు నడిపే ఫెయిర్‌బెయిర్న్ పోటీతో ముగుస్తుంది. అందులో బోట్లు పక్కపక్కన కాక ఒకదాని వెనక ఒకటి బయలుదేరి గడియారంతో పోటీపడతాయి. నది అంత ఇరుకు. ఒకదాన్నొకటి వెంటాడి ముట్టుకునే బంప్స్ పందేలు 1827 నుంచి అక్కడ నడవడానికి కారణమూ ఆ ఇరుకే.

అయితే ఆ పద్ధతి గొప్పదని చెప్పడానికి రాయడం లేదు. అక్కడ ప్రతి కళాశాలకూ పెద్ద బోట్లున్నాయి, చేరే కొత్తవాళ్లు పదుల సంఖ్యలో ఉంటారు, నేర్పేవాళ్లు తక్కువ. ఒక నేర్పరి గట్టున సైకిలు తొక్కుతూ ఒకేసారి ఎనిమిది మందికి నేర్పవచ్చు కాబట్టి అలా చేస్తారు. పెయిర్‌లో కూర్చున్నప్పుడు తెలిసింది, ఆ ఎనిమిది మందిలో నేను ఎన్ని తప్పులు దాచుకున్నానో. పెయిర్‌లో ఇద్దరికీ చెరొక తెడ్డే. ఒకరు కొంచెం గట్టిగా లాగితే బోటు రెండోవారి వైపు తిరుగుతుంది, ఇద్దరిలో ఒకరు తెడ్డు వదిలితే బోల్తా. మా జోడీ మొదటి నెలలో గట్టు రెల్లులోకి ఎన్నిసార్లు దూసుకుపోయిందో అక్కడి బాతులకు తెలుసు.

మనకు ఎయిట్ లేదు, ఉన్నా పెట్టడానికి షెడ్డు లేదు. కాబట్టి వాళ్ల క్యాలెండరు మనకు అతకదు. కానీ ఒకటి మాత్రం తెచ్చుకోవచ్చు. అక్కడ కొత్తవాళ్ల పోటీలో ఆ ఏడాదే నేర్చుకున్నవాళ్లు మాత్రమే కూర్చోవాలి. జనవరిలో మన ఫోర్‌ను ఓడించిన మొదటి బోటులో స్ట్రోక్ సీటులో, అంటే మిగిలినవాళ్లకు లయ ఇచ్చే సీటులో, ఉన్న అబ్బాయి పాఠశాల రోజుల నుంచి రోయింగ్ చేస్తున్నాడని విన్నాను. కళాశాలకు కొత్త అయితే సరిపోతుందా, తెడ్డుకు కొత్త కావాలా?

కాక్స్ అక్క

ఆ సంగతి నేను అదే రోజు ఒడ్డున అడిగాను. ప్రవేశపత్రంలో మొదటి సంవత్సరం విద్యార్థులు అని మాత్రమే రాసి ఉంది కాబట్టి వాళ్లు నియమం తప్పలేదు. నియమమే తప్పుగా ఉంది. దాన్ని మార్చమని నిర్వాహకులకు రాసే ఉత్తరం నేను సిద్ధం చేస్తాను, అమ్మాయిల దూరం సంగతి కూడా అందులోనే పెడతాను. అయితే మన అయిదో స్థానానికి ఆ అబ్బాయి కారణం కాదు. అతను లేకపోయినా మనం నాలుగో స్థానమే.

స్ట్రోక్ సీటు

పాతకాపు గారు అన్న మాట గట్టిగానే తగిలింది, కానీ ఒప్పుకుంటున్నాను. ఆగస్టు గాలి గురించి నేను ఆలోచించలేదు. అక్క చెప్పిన తలల లెక్కను చూడకుండా తప్పించుకున్నమాట కూడా నిజం. లుంబినీ పార్కు బోటు అలల సంగతి ముందే చెప్పకపోయినందుకు చెల్లెలికి క్షమాపణ.

వచ్చే ఏటి కార్యవర్గానికి నేను రాసి ఇవ్వబోయేది ఇది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కొత్తవాళ్లు వారానికి మూడు రోజులు ఎర్గ్ మీద, గాలి లేని రెండు రోజులు కాక్స్‌తో సహా ఫోర్‌లో ఉంటారు. నిమజ్జనం తరువాత చెత్త తొలగించారని కోచింగ్ బోటు అన్న చెప్పేదాకా ఏ బోటూ దిగదు. అక్టోబరు నుంచి ఒక్కొక్కరికీ ఒక జోడీని కట్టి డబుల్‌లోకి మారుస్తాము, జోడీ పేర్లు షెడ్డు తలుపు మీద రాసి ఉంటాయి. సింగిల్ నవంబరులో, జెండా వేలాడే ఉదయాల్లో, ఒక్కొక్కరికీ వారానికి ఒకసారి. ఫోర్‌ను మాత్రం వారానికి ఒక రోజైనా సీజన్ పొడవునా ఆపకూడదు. జనవరిలో ఎవరిని ఏ బోటులో దించాలన్నది అప్పటి కెప్టెన్ ఇష్టం. నేనైతే ఇప్పటికీ డబుల్‌నే ముందు పంపుతాను.

రెండో డబుల్‌కు ఊడిన ఫిన్ అంటించడానికి జిగురు తెచ్చాను. రాత్రంతా ఆరాలి కాబట్టి శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాలి. బోటును తలకిందులు చేసి పట్టుకోవడానికి నలుగురు కావాలి, ఇప్పటికి ఇద్దరమే ఉన్నాము.

ఈ ఏటి కొత్తమ్మాయి

మా జోడీ ఇద్దరమూ వస్తాము. గరుకు కాగితం కూడా తెస్తాము, పాత జిగురు గీకకుండా కొత్తది నిలవదు.